బొట్టు పెట్టని గూడు

మా వదిన పోయిందన్న ఫోన్ వచ్చినప్పుడు నేను మేళ్లచెరువులో సిమెంటు లోడు కోసం లారీల వరుసలో ఉన్నాను. సూర్యాపేట దవాఖాన నుంచి అన్న చేశాడు. "పాయెరా తమ్మీ" అన్నాడు. అంతే, పెట్టేశాడు. నేను లారీ దిగాను. వెనకాయన హారన్ కొడితే మళ్ళీ ఎక్కి, బండిని కాస్త ముందుకు జరిపి, మళ్ళీ దిగాను. మనిషి పోయినా వరుస ఆగదు కదా. ఏడుపు రాలేదు. ఒంట్లో ఉన్న ఓపికంతా ఎవరో బస్తా విప్పి కింద పోసినట్టయింది. ఏడాదిగా డయాలసిస్ కోసం కోదాడ నుంచి సూర్యాపేటకు ఆమెను తిప్పుతున్నాం. ఆ తిరుగుడులో ఆమె ఎంత అలసిందో, మేమూ అంతే అలసిపోయాం.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు దేవత అనీ అన్నపూర్ణ అనీ రాస్తుంటారు. నేను పదో తరగతి గోడ ఎక్కలేక ఇవతలే ఉండిపోయినవాణ్ణి, నాకు అలాంటి మాటలు రావు. పైగా మా వదిన దేవత కాదు. ఆమెకు కోపమొస్తే గిన్నెలకు నోరొచ్చేది. పప్పులో ఉప్పు మరిచిపోయిందని చెబితే, "ఉప్పు తగ్గితే నీ నోరు గూడ జర తగ్గుతది, తిను" అనేది.

ఆమె మాకు చేసిన పెద్ద మేలు ఏమిటంటే, వరండాలో చెప్పులు పెట్టుకునే గూడు ఒకటి కట్టించడం. నవ్వండి, పర్వాలేదు. నేనూ నవ్వాను. కాని ఆ గూడు లేకపోతే మా ఇల్లు ఎప్పుడో రెండు ముక్కలయ్యేది. ఇప్పుడు ఆమె లేదు. ఇల్లు ఒకటిగా ఉంటుందా, మధ్యకు చీలుతుందా అన్న బెంగ ఆమెను సాగనంపిన నాటి నుంచి నా మెడ మీద కూర్చుంది.

కోదాడలో మా నాన్న కట్టిన ఇల్లు అది. ముందు వరండా, దానికి ఒకటే దర్వాజ. ఆ దర్వాజలోంచే రెండు సంసారాలు లోపలికీ బయటికీ తిరుగుతాయి. ఒకటి అన్న, వదిన, వాళ్ళ కూతురు. ఇంకోటి నేను, నా భార్య, మా కొడుకు. వీటికి తోడు మా అమ్మ. అన్న చిలుకూరులో వరి పండిస్తాడు, మోకాళ్ళ దాకా బురదతో వస్తాడు. నేను సిమెంటు బస్తాల మధ్య నుంచి తెల్లగా వస్తాను. ఒకడు బురద, ఒకడు బూడిద. పిల్లల బడి సంచులు, హెల్మెట్లు, గొడుగులు, అన్న పొలంలో మందు కొట్టే డబ్బా, అన్నీ ఆ వరండాలోనే వచ్చి పడేవి. ఆ డబ్బా పక్కనే పిల్లల టిఫిన్ సంచి ఉండేది. నా భార్య అది చూసి రోజూ ఒకసారి నెత్తి కొట్టుకునేది.

మీ ఇంట్లో గొడవలు ఎక్కడ మొదలవుతాయో ఒకసారి గుర్తు చేసుకోండి. కొన్ని ఇళ్ళల్లో పొయ్యి దగ్గర, కొన్ని ఇళ్ళల్లో పొలం గట్టు దగ్గర మొదలవుతాయట. మాకు మాత్రం చెప్పులు విడిచే దగ్గర. లోపలికి అడుగు పెట్టేలోపే ఒక కారణం కాలికి తగిలేది.

దీనికి మొదటి వైద్యం మా అన్న చేశాడు. మిర్యాలగూడ అత్తగారింటికి పోయి వస్తూ, అద్దాల తలుపులున్న చెప్పుల బీరువా ఒకటి ట్రాలీలో వేసుకుని తెచ్చాడు. మనిషి పొడవుంది. ఏడు అరలు. బాగానే ఉంది. ఖర్మ కాలి ఆ రోజు శుక్రవారం. ఫ్రిజ్ వచ్చినా, నా బండి వచ్చినా, ఇంటికి కొత్తగా ఏది వచ్చినా మా అమ్మ చెయ్యి ఊరుకోదు. మేం తాళ్ళు విప్పుతుండగానే బీరువాకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, అగరొత్తి వెలిగించి ఒక మూలకు గుచ్చేసింది.

సాయంత్రం అన్న దాంట్లో చెప్పులు పెట్టబోతే అమ్మ కేక వేసింది.

"బొట్టు పెట్టినదాంట్ల చెప్పులు పెడతవారా? కండ్లు పోతయ్!"

"అమ్మా, అది చెప్పుల కోసమే తెచ్చిన."

"గా ముచ్చట తెచ్చేటప్పుడే చెప్పాలె. ఇప్పుడేం చేస్తం? అయిపాయె."

ఆ అయిపోవడం నిజంగానే అయిపోవడం. వారం తిరక్కుండా ఆ బీరువాలోకి అప్పడాలు, వడియాలు, ఆవకాయ జాడీ ఎక్కాయి. చెప్పులు దాని ముందు కుప్పగా పడ్డాయి. అంతకు ముందు వరండాలో ఉన్న జాగా కూడా బీరువా తినేసింది. నేను ఊరుకుంటానా? వచ్చిన ప్రతివాడికీ అది మా ఇలవేల్పు అని చెప్పేవాణ్ణి. కరెంటు బిల్లు కొట్టడానికి వచ్చినాయన మిషన్ చంకలో పెట్టుకుని నిజంగానే దండం పెట్టుకుని పోయాడు. వదిన లోపల నుంచి చూసి, కొంగు నోట్లో కుక్కుకుని, "ఆవకాయకు మొక్కిచ్చినవ్ గదయ్యా, పాపం తగులుతది" అంది.

నవ్వులు అక్కడితో ఆగిపోయాయి. ఒక పొద్దున దర్వాజ దగ్గర కింద పెట్టిన నా హెల్మెట్ అమ్మ కాలికి తగిలింది. ఆమె పడింది. తుంటి దెబ్బ. కట్టు కట్టించి మంచం మీద పడుకోబెట్టాక, ఎవరూ ఎవరినీ చూడకుండా మొదలుపెట్టారు.

"హెల్మెట్ నడి తొవ్వల పెట్టుడేంది?" అన్నాడు అన్న, నన్ను కాదు, గోడను.

నా భార్యది జగ్గయ్యపేట వైపు. మాట మెత్తగా ఉంటుంది, లోపల ముల్లుంటుంది. "పక్కన పెట్టడానికి చోటేదీ బావగారూ? పక్కంతా మీ మందు డబ్బాయేగా. పిల్లలు దాని వాసన పీలుస్తున్నా మేమెప్పుడన్నా నోరు తెరిచామా?"

"ఇప్పుడు తెరిచినవ్ గద."

"తెరిపించారు."

నేను మధ్యలో ఏదో వేళాకోళం ఆడబోయాను. అది నిప్పు మీద కిరసనాయిలు పోసినట్టయింది. అన్న బయటికి పోయి ఒక ఇటుక పెంకు తెచ్చాడు. వరండా ఎడమ గోడ అవతల ఉన్నది అన్న వాళ్ళ గది. ఆ గోడ మీద, తలుపు ఎంత ఎత్తుంటుందో అంత ఎత్తున, ఎర్రగా ఒక దర్వాజ గీశాడు.

"గీడ పగలగొట్టిస్త. ఇగ ఎవల దర్వాజ వాళ్ళది, ఎవల చెప్పులు వాళ్ళయి. ఖతం."

ఖతం అంటే దర్వాజతో ఖతం కాదని అందరికీ తెలుసు. దర్వాజ తర్వాత పొయ్యి వస్తుంది, పొయ్యి తర్వాత మీటరు, మీటరు తర్వాత అమ్మ ఎవరి దగ్గర తినాలన్న పంచాయితీ. వదిన అందరికీ అన్నం వడ్డించింది. అందరూ తిన్నాక, "మేస్త్రి ఎట్లాగు వస్తడు గద. గోడ పగలగొట్టేముందు నాదో చిన్న పనున్నది, అది చేయించుకుంట. జర ఆగుండ్రి" అంది. చిన్న పనే కదా అని అన్న తలూపాడు.

మర్నాటి నుంచి వదిన ముగ్గుపిండి గిన్నె పట్టుకుని గడప దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. అన్న వచ్చి చెప్పులు విడిస్తే, విడిచిన చోట వాటి చుట్టూ ముగ్గుపిండితో గీత. పిల్లలు సంచులు విసిరితే, పడిన చోట గీత. నా హెల్మెట్ చుట్టూ ఒక సున్నా. నేను పోయి అడిగాను.

"వదినా, శవం దొరికిన జాగల పోలీసోళ్ళు గిట్లనే గీస్తరు. ఎవరు సచ్చిండ్రు?"

"మీ అన్నదమ్ముల సిగ్గు. కూసో, సూడు. ఎవరు యాడ పారేస్తరో ఆడనే గూడు కావాలె. ఆ బీరువా ఉన్న మూలకు మీ ఇంట్ల ఎన్నడన్న ఎవడన్న పోయిండా?"

"అయితే అందరికీ బుద్ధి చెప్పు, మూలకు పోయి పెట్టమను."

"పారేసే చెయ్యి మారదయ్యా. గోడకున్న మొల మారుతది."

మొల అంటే గోడకు కొట్టే మేకు. ఈ మాట తర్వాత ఎన్నిసార్లు విన్నామో. మనుషుల గురించి కూడా అదే మాట అనేది. ఎవరి కోడలు పొద్దెక్కి లేస్తుందని పంచాయితీ వచ్చినా, "ఆమెను లేపకుండ్రి, పాలోణ్ణి జర ఆలస్యంగ రమ్మనుండ్రి" అనే రకం.

నేను మాత్రం ఆమె ముగ్గులతో ఆడుకోకుండా ఎలా ఉంటాను? ఆమె లోపలికి పోగానే అన్న చెప్పులు ఒకటి పిట్టగోడ మీద, ఇంకోటి తులసికోట పక్కన పెట్టి, చుట్టూ నేనే సున్నాలు గీశాను. ఆమె వచ్చి చూసి, ఏమీ అనకుండా ఒక్కో సున్నా కాలితో చెరిపింది. "మీ అన్న గింత దూరం చెయ్యి విసిరేటోడైతే మా నాయన పిల్లనిచ్చేటోడు కాదు" అంది.

మేస్త్రి వచ్చాడు. ముందు ఆ బీరువా వంటింట్లోకి పోయింది. ఎలాగూ ఆవకాయదే కనుక. తర్వాత ఆమె కొలతలు చెప్పడం మొదలుపెట్టింది. టేపు లేదు. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, పాదం నుంచి మోకాలి దాకా చేతికర్ర ఆనించి, కర్ర మీద బొగ్గుతో గీత పెట్టింది. కూర్చుని చెప్పులు విడవడానికి బండ అంత ఎత్తు ఉండాలి. దాని కింద చీపురు దూరేంత ఖాళీ. అన్న బురద బూట్లు అన్నిటికంటే కింద, నీళ్ళు బయటికి జారేలా నేల కాస్త వాలుగా. మందు డబ్బా వరండాలో ఉండనే కూడదు. గ్రిల్ అవతల, పిల్లలకు అందని ఎత్తున, గొళ్ళెం ఉన్న అర. నా సిమెంటు బట్టలకు బయట నల్లా పక్కన కొక్కెం, కింద బకెట్టు. గొడుగులకు ఒక పైపు ముక్క. తాళాల మొల మాత్రం గేటు నుంచి కనపడకుండా లోపలి వైపు. పిల్లల్ని నిలబెట్టి చెయ్యి ఎత్తమని, వాళ్ళ వేళ్ళు తగిలిన చోట సంచి మొల కొట్టించింది.

మేస్త్రికి ఇదంతా నచ్చలేదు. "అమ్మా, ఇది ఇంటికి మొఖం లాంటిది. కట్టెతో తలుపులు పెట్టిస్త, రంగేపిస్త, మస్తుగుంటది."

"తలుపు పెడితే తెరవాలె మేస్త్రీ. తెరిచేటంత ఓపిక ఈళ్ళకుంటే మా కొంప గిట్ల ఎందుకుంటది? అన్ని తెరిచే ఉంచు."

పని అయ్యేసరికి అమ్మ లేచి కర్రతో నడుస్తోంది. నడక వచ్చిందో లేదో కుంకుమ భరిణె పట్టుకుని బయలుదేరింది. వదిన అడ్డం నిలబడింది.

"వద్దు అత్తమ్మా. దీనికి బొట్టు పెట్టకు. పెడితే ఇది దేవుడైతది. ఇగ మనకు పని చెయ్యదు."

అమ్మ కొంచెంసేపు మూతి ముడుచుకుని, చివరికి ఆ బండ మీదే కూర్చుంది. సరిగ్గా ఆమె కోసమే కొలిచిన బండ. కాళ్ళు నేలకు ఆనాయి. వాటిని చూసుకుని, "బానే ఉన్నది బిడ్డా" అంది.

అప్పుడే అన్న పొలం నుంచి వచ్చాడు. వచ్చి, ఎడమ గోడను చూసి ఆగిపోయాడు. ఆ బండ, ఆ అరలు, ఆ మొలలు అన్నీ ఆ గోడకే ఉన్నాయి.

"నేను గీసిన దర్వాజ ఏది?"

"గీడనే ఉన్నది. దాని మీదనే నీ అంగి తగిలిచ్చిన, సూడు."

"గోడ పగలగొట్టాలె గద మరి."

"పగలగొట్టు. ముందు అత్తమ్మను లేవమను."

అమ్మ లేవలేదు. అన్న అమ్మను చూశాడు, మేస్త్రిని చూశాడు, వదినను చూశాడు. తర్వాత బూట్లు విప్పి కింది అరలో పెట్టాడు. నా భార్య లోపల నుంచి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అంతే. రెండో దర్వాజ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తర్వాత నేను గుచ్చి గుచ్చి అడిగాను, ఆ గోడే ఎందుకు వదినా అని. "గా వైపే నీడుంటది" అంది, మొహంలో ఒక్క గీత కదలకుండా. ఊరందరినీ ఆట పట్టించే నేను ఆ రోజు నోరు మూసుకున్నాను. అంత శుభ్రమైన ఆట నా జన్మలో ఆడలేదు.

గూడు కట్టాక మా ఇంట్లో గొడవలే లేవని రాస్తే మీరు నమ్మరు. ఉన్నాయి. కాని అవి లోపలికి వచ్చి, నీళ్ళు తాగి, కూర్చున్నాక మొదలయ్యేవి. కూర్చుని పెట్టుకునే గొడవకు అంత పదునుండదు. వదిన ఆ గూటిని ఎప్పుడూ అయిపోయిన పని అనుకోలేదు. పిల్లలు పొడుగైతే మొలలు పైకి పోయేవి. వానాకాలం వస్తే అరలు మారేవి. "కట్టినోళ్ళు పోతరు, వాడేటోళ్ళు మారుతరు, మొల ఒక్కటే జాగల ఎందుకుండాలె?" అనేది.

చివరి ఏడాదిలో సూర్యాపేట నుంచి తెచ్చిన ప్రతిసారీ ఆమె నేరుగా మంచం దాకా నడవలేకపోయేది. ఆ బండ మీద కూర్చుండిపోయేది. పాదాలు ఉబ్బి చెప్పులు ఊడేవి కావు. ఒకసారి నేను కింద కూర్చుని లాగుతూ, "అత్త కోసం కట్టించి నువ్వు కూసుంటున్నవ్. కిరాయి ఇయ్యాలె వదినా" అన్నాను.

"నవ్వియ్యకయ్యా. ఓపిక లేదు."

కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత, కళ్ళు తెరవకుండానే అడిగింది.

"నేను పోయినంక మీరు ఆ దర్వాజ పెట్టుకుంటరు గద?"

ఎలాగో ఊడిన చెప్పును అరలో పెట్టాను.

"పెట్టుకుంటే పెట్టుకోండ్రి. నాకేం బాధ లేదు" అంది. "కాకపోతే పగలగొట్టేముందు కొన్నొద్దులు గీడ కూసొని సూడుండ్రి. ఎవల కాళ్ళు ఎటు పోతున్నయో. కాళ్ళు నిజంగ అటే పోతుంటే, పెట్టుండ్రి."

చెప్పి లేచింది. నా భుజం పట్టుకుని లోపలికి నడిచింది. ఎంత తేలికైపోయిందంటే, ఆ చెయ్యి నా భుజం మీద ఉందో లేదో అని ఒకసారి తిరిగి చూశాను.

పెద్దకర్మ నాడు మిర్యాలగూడ వాళ్ళు, చిలుకూరు వాళ్ళు, నాతో లారీలు నడిపేవాళ్ళు, చాలామంది వచ్చారు. గల్లీలో టెంటు వేశాం. అన్న గుండు చేయించుకుని, వదిన పుట్టింటివాళ్ళు భుజాన వేసిన కొత్త తువ్వాలతో హాల్లో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆమె పోయిన నాటి నుంచి అతను కూర్చున్న చోటు నుంచి పిలిస్తే తప్ప లేవడం లేదు. భోజనాలు మొదలయ్యాక హాలియా నుంచి వచ్చిన మా మేనమామ గొంతు సవరించుకున్నాడు. మంచివాడే. మంచి మాటే చెబుతున్నాననుకున్నాడు.

"అల్లుడా, ఇన్నొద్దులు ఆ పోయిన తల్లి మొఖం చూసి కలిసున్నరు. ఇగ చిన్నకోడలు ఒక్కతె గింతమందికి ఎట్ల చేస్తది? నలుగురం ఉన్నప్పుడే మాట్లాడుకోండ్రి. ఎవల దారి వాళ్ళకు పెట్టుకోండ్రి. తప్పేం లేదు."

వంటింటి గుమ్మంలో నా భార్య నిలబడి ఉంది. పొద్దుటి నుంచి గిన్నెలు మోసి మోసి ఆమె మొహం వాడిపోయింది. ఆమె కాదనలేదు. నేనూ కాదనలేదు. అలసిపోయినవాళ్ళకు ఎవరేం చెప్పినా సబబుగానే వినపడుతుంది. అన్న నేల చూస్తున్నాడు.

ఉన్నట్టుండి వాన దిగింది. చినుకులు కాదు, కుమ్మరింపు. టెంటు ఒకవైపు ఒరిగింది. గల్లీ నిండా విడిచిన చెప్పులు. ఎవరో ఆడమనిషి, "అయ్యో, చెప్పులన్నీ కొట్టుకపోతున్నయ్" అంది.

ముందు లేచింది మా అన్న. మేమంతా లేచేలోపే బయటికి పోయి, నీళ్ళలో వంగి, దొరికినవి దొరికినట్టు చంకకు ఎత్తుకుంటున్నాడు. బతుకంతా తన చెప్పులు విడవడమే తప్ప ఇంకొకరివి ఒక్కటీ సర్దని మనిషి. నేను దర్వాజ దగ్గర నిలబడి అందుకున్నాను. అరలు నిండాయి, బండ కింద నిండింది, ఇంకా వస్తున్నాయి. చివరి మోపు తెచ్చి, గుండు మీద నుంచి నీళ్ళు కారుతుండగా, అలవాటున లోపలి వైపు చూసి అడిగాడు.

"ఇవి యాడ పెట్టాలె?"

ఆ ప్రశ్న నాకు కాదు, నా భార్యకూ కాదు. అది వదినకని అందరికీ తెలుసు.

నా భార్య వచ్చింది. "ఇటివ్వండి బావగారూ" అని చేతుల్లోకి తీసుకుంది. వరండాలో ఒక మూల నేలంతా ఒకసారి చూసి, మనుషులు నడవని వైపు గోడ వెంట జతలు జతలుగా పెట్టడం మొదలుపెట్టింది.

మామ వట్టి కాళ్ళతో వచ్చి నిలబడ్డాడు. "నేనన్నదానికి ఏమంటవ్ మరి, అల్లుడా?"

అన్న మొహం మీది నీళ్ళు తుడుచుకున్నాడు.

"ఇంకో దర్వాజ పెడితే దాని ముంగట గూడ గిన్ని చెప్పులు పడతయ్ మామా. అవి ఎవరు ఎత్తాలె? ఎత్తే మనిషి పాయె. ఇంతమందిమి ఉండి గీ ఒక్కదానికే అందుకోలేకపోతున్నం."

నా భార్య వంచిన నడుము ఎత్తకుండానే, "ఆ నీలంరంగు జతలో ఇంకోటి మీ కాళ్ళ దగ్గరుంది, ఇటు తొయ్యండి" అంది నాతో. తోశాను.

వాన తగ్గాక ఒక్కొక్కరే బయలుదేరారు. అన్న గడప మీద గొంతుక్కూర్చుని, భుజాన ఉన్న ఆ కొత్త తువ్వాలతో ఒక్కో జత తుడిచి, ఎవరివి వాళ్ళకు ఇస్తున్నాడు. వద్దు వద్దని పెద్దవాళ్ళు చేతులు పట్టుకున్నా వినలేదు. మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒక చిన్నపిల్లకు తన చెప్పు వేసుకోవడం రావడం లేదు. అన్న దాని పాదం తుడిచి, చెప్పులోకి దూర్చి, బకిల్ పెడుతున్నాడు. ఆ పిల్ల ఒంటికాలి మీద ఊగుతూ, పడిపోకుండా, అరచేయి చాపి అతని తడి గుండు మీద ఆనించి నిలబడింది.